సుగ్గికి పోయే ఇంట్లో వైకల్యం ఉన్న బిడ్డ ఉంటే: సాయం చేసేవాళ్లు ఏం చేయాలి, ఎలా చేయాలి

దసరా దగ్గర పడేసరికి ఆదోని, కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, మంత్రాలయం వైపు నుంచి ఒకే ప్రశ్న వస్తుంది. అడిగేది ఒకసారి బడి పంతులు, ఒకసారి ఆశా కార్యకర్త, ఒకసారి పొదుపు సంఘం లీడరు. "మా వీధిలో నడవలేని పాప ఉంది. ఇంటిల్లిపాదీ గుంటూరు సైడు మిరప కోతకు పోతున్నారు. మేం ఏం చేయగలం?" పంట కోతల కాలంలో ఇలా ఊరు విడిచి కూలికి పోవడాన్నే మన వైపు సుగ్గి అంటారు.

నలుగురూ చందా వేసుకుని కొంత డబ్బు చేతిలో పెట్టడం అందరికీ ముందుగా తట్టే పని. వద్దనను. కానీ ఆ కుటుంబానికి దెబ్బ తగిలేది వేరే చోట్ల: మూర్ఛ మందు మధ్యలో అయిపోతుంది, పింఛన్ ఆగిపోతుంది, పెద్దపిల్ల బడి మానేసి తమ్ముడికి కాపలా కూర్చుంటుంది. వీటిలో చాలావరకు బండి కదలకముందే ఆపొచ్చు. బండి పోయాక మనం ఫోన్లు చేస్తూ కూర్చోవడం తప్ప పెద్దగా మిగిలేదేమీ ఉండదు. అందుకే ఈ పనులు వినాయక చవితికల్లా మొదలుపెట్టండి.

కర్నూలు పడమటి మండలాలను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. అనంతపురం, కడప వైపు నుంచి బెంగళూరుకు బిల్డింగ్ పనులకు వెళ్లే కుటుంబాలకూ చాలావరకు ఇదే వర్తిస్తుంది. తేడా వచ్చేచోట చెబుతాను.

ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఒక చిన్న నోటుబుక్కు, జిప్ ఉన్న ప్లాస్టిక్ కవరు. గుడారంలో వానకూ మంచుకూ కాగితం నిలవదు.
- బిడ్డ ఆధార్, తల్లిదండ్రుల ఆధార్, రేషన్ కార్డు, జనన ధృవీకరణ పత్రం, పాత మందుల చీటీలు. వీటన్నిటినీ ఫోన్‌లో ఫొటో తీసి వాళ్ల ఫోన్‌లో ఒక కాపీ, మీ దగ్గర ఒక కాపీ ఉంచండి.
- నాలుగు ఫోన్ నంబర్లు: సచివాలయం వెల్ఫేర్ అసిస్టెంట్, ఏఎన్ఎం, మండలంలోని భవిత కేంద్రం (వైకల్యం ఉన్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే కేంద్రం) టీచరు, కూలీలను తీసుకెళ్లే మేస్త్రీ.

నాలుగో నంబరు చాలామంది రాసుకోరు. అందరికంటే ఎక్కువ అవసరం పడేది అదే.

1. తల్లితో కూర్చోండి. కాగితాల మాట తర్వాత.

మొదటిసారి వెళ్లినప్పుడు ఫారాలు తీసుకెళ్లకండి. బిడ్డ రోజు ఎలా గడుస్తుందో అడగండి. ఏం తింటుంది, ఎలా తినిపిస్తారు, రాత్రి నిద్ర పడుతుందా, ఫిట్స్ ఎప్పుడైనా వచ్చాయా, దొడ్డికి ఎవరు తీసుకెళ్తారు, పొలంలో ఉన్నప్పుడు ఎవరు చూసుకుంటారు. "అక్కా, పోయినేడు అక్కడ బిడ్డని ఎక్కడ పండబెట్టినావు?" అని అడిగితే చాలు, మిగతా కథంతా ఆమే చెబుతుంది.

మన ప్రాంతంలో మేనరికాలు ఎక్కువ. కాబట్టి ఎవరో ఒకరు "మేనరికం చేసుకుంటే ఇట్లే అవుతుంది" అని తల్లి ముందే అనేస్తారు. మీరు అనకండి, మీతో వచ్చినవాళ్లను అననివ్వకండి. ఆ మాట ఒక్కసారి పడితే ఆమె రెండోసారి తలుపు తీయదు. బిడ్డ పుట్టిన పదేళ్లకు కారణం చెప్పి ఒరిగేదీ లేదు.

2. తీసుకెళ్లడమా, ఊళ్లో ఉంచడమా

ఈ నిర్ణయం వాళ్లది. "ఇలాంటి బిడ్డను పెట్టుకుని సుగ్గికి ఎందుకు పోతారు?" అనే ప్రశ్నకు వాళ్ల దగ్గర సమాధానం ఉంది: అప్పు. మీరు చేయగలిగింది రెండు దారుల్లోనూ ఏం కావాలో చెప్పడం.

ఊళ్లో ఉంచితే సాధారణంగా అవ్వ దగ్గర ఉంచుతారు. అవ్వకు బిడ్డను ఎత్తే ఓపిక ఉందా, ఫిట్స్ వస్తే ఏం చేయాలో తెలుసా, డబ్బు ఎలా అందుతుంది అనేవి చూడండి. బిడ్డకు బరువు పెరిగి ఉంటే అవ్వ ఒక్కతే ఎత్తలేదు. పక్కింటివాళ్లలో రోజుకు రెండుసార్లు వచ్చి చేయి వేసేవాళ్లను ముందే మాట్లాడి పెట్టాలి. భవిత కేంద్రం టీచరుకు చెబితే, బడికి రాలేని పిల్లలకు ఇంటి దగ్గరే పాఠం చెప్పే ఏర్పాటు ప్రభుత్వ బడుల పథకమైన సమగ్ర శిక్షలో ఉంది. ఫిజియోథెరపిస్టు కేంద్రానికి ఏ రోజు వస్తారో కూడా ఆ టీచరే చెబుతారు.

తీసుకెళ్తే పెద్దపిల్ల సంగతి అడగండి. చాలా ఇళ్లలో తమ్ముడినో చెల్లెలినో చూసుకోవడానికి పదేళ్ల అక్కను కూడా బండెక్కిస్తారు. వలస కుటుంబాల పిల్లల కోసం ఈ మండలాల్లో సీజనల్ హాస్టళ్లు నడుపుతుంటారు. ఈ ఏడు మీ మండలంలో ఎక్కడ తెరుస్తున్నారో ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసులో కనుక్కుని అక్కను అక్కడ ఉంచే వీలుందేమో మాట్లాడండి. కాకపోతే అక్క లేకపోతే చిన్నబిడ్డను ఎవరు చూస్తారన్నదానికి జవాబు దొరక్కుండా ఈ సలహా ఇవ్వకండి. ఒకే గుంపులో నాలుగైదు కుటుంబాలు వెళ్తుంటే, ఒక పెద్దామెను కోతకు దింపకుండా పిల్లల దగ్గర ఉంచి, ఆమె కూలి అందరూ పంచుకుని ఇవ్వడం ఒక దారి. పిల్లలు ఎక్కువగా ఉన్న గుంపులో దీనికి ఒప్పుకుంటారు.

3. సదరం, యూడీఐడీ

సదరం అంటే వైకల్యం ఎంత శాతమో డాక్టర్లు చూసి ఇచ్చే సర్టిఫికెట్. సచివాలయంలో గానీ మీసేవలో గానీ సదరం స్లాట్ బుక్ చేయించాలి. ఇచ్చిన తేదీకి ఆ ఆసుపత్రికి బిడ్డతో వెళ్లాలి. స్లాట్లు తెరిచిన కాసేపటికే నిండిపోతాయి కాబట్టి ఎప్పుడు తెరుస్తారో వెల్ఫేర్ అసిస్టెంట్‌ను అడుగుతూ ఉండండి.

సదరం వచ్చాక అదే ఊపులో యూడీఐడీ కార్డుకూ, అంటే కేంద్రం ఇచ్చే వైకల్య గుర్తింపు కార్డుకూ, దరఖాస్తు చేయండి. అది దేశమంతా చెల్లుతుంది. బెంగళూరు వెళ్లేవాళ్లకు ఇది తప్పనిసరి అనుకోండి. వైకల్య శాతాన్ని బట్టి కార్డు రంగు మారుతుంది: 40 లోపు తెలుపు, 40 నుంచి 80 లోపు పసుపు, 80, ఆపైన నీలం. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలు ఉన్నాయి. కాలు, చేయి, కన్ను, చెవి మాత్రమే అనుకుని బుద్ధిమాంద్యం, ఆటిజం, తలసీమియా, కండరాల క్షీణత ఉన్న పిల్లలను వదిలేస్తుంటారు. చూసుకోండి.

ఇక్కడ జరిగే పొరపాట్లు:

- స్లాట్ తేదీ సుగ్గి మధ్యలో పడటం. వాళ్లు గుంటూరులో ఉంటారు, పరీక్ష ఆదోనిలోనో కర్నూలులోనో ఉంటుంది. బుక్ చేసేటప్పుడే తేదీ అడిగి చేయండి.
- ఆధార్‌లో పేరు ఒకలా, జనన పత్రంలో ఇంకోలా ఉండటం. ముందు ఇది సరిచేయండి.
- అయిదేళ్లు, పదిహేనేళ్లు నిండాక బిడ్డ ఆధార్‌కు వేలిముద్రలు, కనుపాప మళ్లీ ఇవ్వాలి. ఇది చేయించకపోతే తర్వాత ప్రతిచోటా అడ్డం పడుతుంది.
- పిల్లలకు చాలాసార్లు తాత్కాలిక సర్టిఫికెట్ ఇస్తారు. గడువు తేదీ నోటుబుక్కు మొదటి పేజీలో పెద్దగా రాయండి.

4. పింఛన్: మూడు నెలల లెక్క

దీనికి కొంచెం ఎక్కువ సమయం పెట్టండి. 2024 జులై నుంచి ఎన్టీఆర్ భరోసాలో దివ్యాంగుల పింఛన్ నెలకు 6,000 రూపాయలు. పక్షవాతం, తీవ్రమైన కండరాల క్షీణత వంటివాటితో పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్లకు 15,000 వరకు ఉంది. కానీ ఏ బిడ్డ ఏ కోవలోకి వస్తుందన్నది డాక్టర్లు తేల్చాలి. "మీకు పదిహేను వేలొస్తాయి" అని మీరు మాట ఇవ్వకండి. ఆ లెక్కన అప్పు తీసుకున్నారంటే ఆ బరువు మీదే.

నెల మొదటి రోజున సచివాలయ సిబ్బంది ఇంటికి వచ్చి ఇస్తారు. ఒకటి రెండు నెలలు తీసుకోకపోతే ఆ సొమ్మును తర్వాతి నెలతో కలిపి తీసుకోవచ్చు. వరుసగా మూడు నెలలు తీసుకోకపోతే శాశ్వతంగా వలస పోయినట్టు లెక్కగట్టి ఆపేస్తారు. దీపావళి తర్వాత వెళ్లి ఉగాదికి వచ్చే కుటుంబానికి ఈ గడువు మధ్యలోనే దాటిపోతుందని వేరే చెప్పక్కర్లేదు కదా!

దారులు ఇవి:

- బిడ్డ ఊళ్లోనే ఉంటే: అవ్వ సంరక్షకురాలిగా తీసుకునే వీలుందో లేదో వెల్ఫేర్ అసిస్టెంట్‌ను తల్లి ఎదుటే అడగండి. ముందు నెలలోనే అవ్వ చేత ఒకసారి తీయించి చూడండి. వేలిముద్ర పడకపోతే అప్పుడే తెలుస్తుంది.
- రాష్ట్రంలోనే పనికి పోతే: పింఛన్‌ను అక్కడి సచివాలయానికి మార్చుకోవడానికి దరఖాస్తు పెట్టొచ్చు. ఒకే ఊళ్లో నెలల తరబడి ఉండేవాళ్లకే ఇది కలిసొస్తుంది. పొలం మారినప్పుడల్లా ఊరు మారేవాళ్లకు తలనొప్పే.
- బెంగళూరు, ముంబై వెళ్తే: మార్చడం కుదరదు. ఎవరో ఒకరు బిడ్డను తీసుకుని మూడో నెలలో ఊరికి రావాలి.

మూడో దారిలో ఒక చిక్కుంది. చాలామంది "సంక్రాంతికి వస్తాంలే, అప్పుడు తీసుకుంటాం" అంటారు. పండగ జనవరి నడిమికి వస్తుంది, అప్పటికి ఆ నెల పంపిణీ అయిపోయి ఉంటుంది. వచ్చేదేదో నెల చివరి రోజుకు చేరేలా రమ్మనండి. రైలు ఖర్చు, పోయే కూలి, వచ్చే పింఛన్ పక్కపక్కన కాగితం మీద వేసి చూపిస్తే వాళ్లే తేల్చుకుంటారు.

నోటీసుల సంగతి కూడా చూడండి. 2025లో దివ్యాంగ పింఛన్లను మళ్లీ పరిశీలించినప్పుడు చాలామందికి నోటీసులు వచ్చాయి. ఇంటికి తాళం వేసి ఉంటే ఆ కాగితం ఎవరు చూస్తారు? మీ ఫోన్ నంబరు వెల్ఫేర్ అసిస్టెంట్ దగ్గర రాయించి, ఆ ఇంటికి ఏ కాగితం వచ్చినా మీకు చెప్పమనండి.

రేషన్ గురించి రెండు ముక్కలు. ఈ-కేవైసీ (ఆధార్‌తో గుర్తింపు సరిచూడటం) పూర్తయి ఉంటే రాష్ట్రంలో ఏ చౌకధరల దుకాణంలోనైనా బియ్యం తీసుకోవచ్చు, ఒకే దేశం ఒకే రేషన్ కింద కర్ణాటకలోనూ తీసుకోవచ్చు. ఊళ్లో ఉండగానే ఈ-కేవైసీ చేయించుకోమనండి.

5. మందులు, ఒక పేజీ చీటీ

మూర్ఛ మందు వాడే బిడ్డ ఉంటే మిగతావన్నీ పక్కనపెట్టి ముందు ఇది చేయండి. వెళ్లేలోపు డాక్టరును కలిసి, అక్కడుండే నెలలన్నిటికీ సరిపడా మందు రాయించండి. అంత ఒకేసారి దొరకకపోతే, మందు అసలు పేరు స్పష్టంగా ఉన్న చీటీ కావాలి. కంపెనీ పేరు ఒక్కటే రాస్తే గుంటూరు పల్లెలో మెడికల్ షాపువాడు "ఆ కంపెనీ లేదు" అని పంపేస్తాడు.

మూర్ఛ మందు ఉన్నట్టుండి ఆపకూడదు. "రెండు నెలలుగా రాలేదు కదా" అని ఆపేస్తే, ఆగకుండా వరసగా ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. తగ్గించాలన్నా డాక్టరు చెప్పిన లెక్కలోనే తగ్గించాలి.

సిరప్ సీసాను గుడారంలో ఎండ తగలనిచోట, నీళ్ల కుండ పక్కన పెట్టమనండి. వేరే సీసాలోకి పోయొద్దు. పొలాల దగ్గర పురుగుమందు డబ్బాలు కడిగి నీళ్లకు వాడటం ఇంకా కనిపిస్తుంది. ఎంత కడిగినా అది పనికిరాదు.

ఒక పేజీ చీటీ ఇలా రాయండి, పెద్ద అక్షరాలతో:

- బిడ్డ పేరు, వయసు, బరువు, జబ్బు పేరు
- మందు పేరు, ఎంత, ఏ వేళకు
- ఏది తింటే పడదు, ఏ మందు పడదు
- ఫిట్స్ వస్తే: పక్కకు ఒత్తిగిలి పడుకోబెట్టాలి, గట్టిగా పట్టుకోకూడదు, నోట్లో ఏమీ పెట్టకూడదు, నీళ్లు పోయకూడదు. అయిదు నిమిషాలు దాటినా, తెలివి రాకుండా మళ్లీ వచ్చినా 108.
- ఇంటి నంబరు, మీ నంబరు

ఇక తాళాల గుత్తి. ఫిట్స్ వచ్చిన బిడ్డ చేతిలో ఇనుము పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం గుంపులో ఎవరో ఒకరు చేస్తారు. అవి మూర్ఛను ఆపవు. దానికదే ఆగుతుంది, తాళాల వల్ల ఆగిందనుకుంటారు. వాదన పెట్టుకోకుండా "ముందు పక్కకు తిప్పండి, గడియారం చూడండి" అని పని చెప్పండి.

అర్థమైందో లేదో ఎలా చూడాలి: "అర్థమైందా అక్కా?" అని అడిగితే అవుననే అంటుంది. అలా అడగకండి. సీసా, మూత ఇచ్చి "రాత్రి మందు పోసి చూపించు" అనండి. ఎంత పోస్తుందో చూడండి. చాలా ఇళ్లలో మందు పోసేది తల్లి కాదు, అక్క. ఆ పిల్ల చేత కూడా పోయించి చూడండి. చదువు రానివాళ్లకు సీసా మూత మీద పెన్నుతో గీత గీసివ్వండి, పగలుకు సూర్యుడు, రాత్రికి చంద్రుడు బొమ్మ వేయండి.

ఆసుపత్రి ఖర్చుల మాటకొస్తే, ఆటిజం, సెరెబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని ఒంటి కదలికలు పట్టు తప్పడం), బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యం ఈ నాలుగింటికి నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ బీమా ఉంది, ఏడాదికి లక్ష రూపాయల వరకు. ముందు మనం ఖర్చు పెట్టి తర్వాత బిల్లులు పంపాలి. అందుకే ప్రతి బిల్లూ జిప్ కవర్లో పడాలి.

6. తినిపించడం, పడుకోబెట్టడం, కారం

సెరెబ్రల్ పాల్సీ ఉన్న పిల్లలకు పడుకోబెట్టి తినిపిస్తే ఆహారం ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తలకు, వీపుకు ఆసరా ఇచ్చి కూర్చోబెట్టి, చిన్న చెంచాతో మెల్లగా పెట్టాలి. జొన్నరొట్టె పాలలోనో పప్పులోనో బాగా నానబెట్టి మెదిపి పెట్టొచ్చు. తిన్న ప్రతిసారీ దగ్గుతున్నా, గొంతు గరగరమంటున్నా, మాటిమాటికీ నెమ్ము చేస్తున్నా డాక్టరుకు చూపించండి.

కదల్లేని బిడ్డను రెండు గంటలకోసారి పక్క మార్చాలి. పని మధ్యలో అది గుర్తుండదు. నీళ్లు తాగడానికి ఎవరు గుడారం వైపు వెళ్లినా వాళ్లు మార్చాలని గుంపులో ఒక మాట అనుకుంటే జరుగుతుంది. నడుము, మడమ, పిరుదుల దగ్గర ఎర్రబడి తగ్గకపోతే అది పుండుకు మొదలు.

మిరప కోసిన చేతులతో బిడ్డ మూతి తుడిస్తే ఏమవుతుందో వాళ్లకు తెలుసు, అయినా హడావుడిలో జరిగిపోతుంది. కారం ఉత్త నీళ్లకు పోదు. ముందు కాస్త నూనె రుద్దుకుని, తర్వాత సబ్బుతో కడుక్కోవాలి. నోరు తిరగని బిడ్డ మంట అని చెప్పలేదు, ఏడుస్తుంది అంతే. మిరపకాయలు ఆరబోసే కల్లం పక్కన బిడ్డను పడుకోబెట్టొద్దు, ఆయాసం ఉన్న పిల్లలనైతే అసలే వద్దు.

చెవులు వినపడని బిడ్డకు ట్రాక్టరు హారన్ వినపడదు. గుడారం, బాట మధ్య తాడు కట్టించండి, డ్రైవరుకు బిడ్డను చూపించండి. చెప్పకుండా వెళ్లిపోయే అలవాటున్న పిల్లలకు చొక్కా లోపలివైపు ఫోన్ నంబరు కుట్టండి. తప్పిపోతే 1098, 112.

7. మేస్త్రీతో ముందే మాట

మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చేటప్పుడు మీరు అక్కడ ఉంటే మంచిది. అడగాల్సినవి మూడు: ఏ ఊరు, ఏ రైతు, గుడారం నుంచి పొలం ఎంత దూరం. బిడ్డకు బాగాలేకపోతే ఆసుపత్రికి బండి ఎవరు పెడతారో కూడా అడగండి. గొంతు పెంచకుండా అడిగితే చాలామంది చెబుతారు. బిడ్డ ఉన్న కుటుంబానికి బోరుకూ బాటకూ దగ్గరగా గుడారం ఇప్పించమనండి. లారీలో వెనక బస్తాల మీద కాకుండా ముందు సీటులో తల్లికీ బిడ్డకూ చోటు అడగండి.

రైలులో వెళ్లేవాళ్లకు టికెట్ రాయితీ ఉంది. తోడు లేకుండా ప్రయాణం చేయలేని పిల్లలకు, వెంట వెళ్లే ఒకరికి కూడా తగ్గుతుంది. దానికి రైల్వేవారి కార్డు వేరే చేయించుకోవాలి, మన వైపు అది గుంతకల్లు డివిజన్ ద్వారా వస్తుంది. యూడీఐడీ ఉంది కదా అని కౌంటర్ దగ్గరకు వెళ్లి వాదించి తిరిగొచ్చేవాళ్లు ఎక్కువ.

8. చేరిన మొదటి వారం

ఫోన్ చేసి ఈ నాలుగు అడగండి: ఆ ఊరి ఆశా కార్యకర్తను కలిశారా, దగ్గరి ఆరోగ్య కేంద్రం ఎక్కడ, అంగన్‌వాడీలో బిడ్డ పేరు చెప్పారా, మందు ఎన్ని రోజులకు ఉంది. ఆరేళ్లలోపు పిల్లలకు వలస వచ్చినచోట అంగన్‌వాడీలో పాలు, గుడ్లు అడగొచ్చు. "మా ఊరు పిల్లలు కాదు" అని అక్కడ అంటే, మీ ఊరి అంగన్‌వాడీ టీచరు చేత ఆ టీచరుకు ఫోన్ చేయించండి, పోషణ్ ట్రాకర్ యాప్‌లో వలస వెళ్లిన పిల్లలను మార్చే వీలుంది.

ఫోన్‌లో "అంతా బాగుంది" అనే మాటను నమ్మి పెట్టేయకండి. మందు సీసా ఫొటో పంపమనండి. సీసాలో ఎంత మిగిలిందో చూస్తే రోజూ పోస్తున్నారో లేదో తెలిసిపోతుంది. ఉండాల్సిన దానికంటే ఎక్కువ మిగిలి ఉంటే తిట్టకండి, ఎవరు పోస్తున్నారని అడగండి.

9. ఉగాదికి వచ్చాక

ముందు బరువు తూయించండి, నోటుబుక్కులో వెళ్లేముందు రాసిన దానితో పోల్చండి. పిల్లలు ఎదిగే వయసులో బరువు పెరగకపోయినా, తగ్గినా ఏఎన్ఎంకు చూపించాలి. వీపు, నడుము, మడమలు చూడండి. ఊరికి వచ్చాక మొదటి పంపిణీలోనే పింఛన్ అందిందా లేదా చూడండి, ఆగి ఉంటే వెంటనే సచివాలయంలో దరఖాస్తు రాయండి.

చక్రాల కుర్చీ, కాలిపర్స్ (కాలికి ఆసరాగా కట్టే పరికరం), వినికిడి పరికరం ఉన్న పిల్లలకు అవి ఇంకా సరిపోతున్నాయేమో చూడండి. కేంద్రప్రభుత్వ అడిప్ పథకంలో పరికరాలు మామూలుగా మూడేళ్లకోసారి ఇస్తారు, పన్నెండేళ్లలోపు పిల్లలకైతే ఏడాదికే మళ్లీ అడగొచ్చు. ఇది తెలియక ఇరుకైన కాలిపర్స్‌నే బిగించి కడుతుంటారు, కాలు ఒరుసుకుపోతుంది. కొలతల క్యాంపు ఎప్పుడు పెడతారో భవిత కేంద్రంలో కనుక్కోండి. వేసవిలో కుటుంబం ఊళ్లోనే ఉంటుంది కాబట్టి ఆ క్యాంపు, గడువు తీరే సర్టిఫికెట్, డాక్టరు చూపు అన్నీ సుగ్గి మళ్లీ మొదలయ్యేలోపు పెట్టుకోండి.